బరువుకు చెల్లించే మూల్యం

స్పోర్ట్స్ కారు నిత్యావసరం కాదు గనుక, దానిపై పెట్టే ఖర్చును అది అందించే ఆనందంతోనే తూచవలసి ఉంటుంది. అమెరికా మార్కెట్లో ఈ తూకానికి రెండు చక్కని ఉదాహరణలున్నాయి. 2019 నాటి మాజ్డా ఎంఎక్స్-5 బరువు సుమారు 1,060 కిలోలు, ఇంజన్ శక్తి 181 హార్స్‌పవర్. అదే ఏటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ బరువు సుమారు 1,700 కిలోలు, శక్తి 460 హార్స్‌పవర్. టన్ను బరువుకు ఎంత శక్తి లభిస్తుందో తెలిపే శక్తి-బరువు నిష్పత్తిలో మొదటిది 170 దగ్గర, రెండవది 270 దగ్గర నిలుస్తాయి.

ఈ లెక్క ప్రకారం మస్టాంగ్‌దే పైచేయి అయినప్పటికీ, అదనపు శక్తి ప్రధానంగా వేగం పుంజుకునేటప్పుడే అక్కరకు వస్తుంది. బరువు తగ్గితే వేగం పెంచడం, బ్రేకు వేయడం, మలుపు తిరగడం అనే మూడు పనులూ సులువవుతాయి. లోటస్ సంస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ జీవితాంతం నమ్మిన ఈ సూత్రాన్నే 1989లో మాజ్డా తొలి ఎంఎక్స్-5తో సామాన్యుడికి అందుబాటు ధరలోకి తెచ్చింది.

బరువు ప్రభావం ఖర్చులపైనా పడుతుంది. కదిలే కారులోని గతిశక్తి, అంటే చలనం వల్ల దానికి కలిగే శక్తి, బరువుతోపాటు పెరుగుతుంది. బ్రేకు వేసి ఆపిన ప్రతిసారీ అందులో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారవలసిందే కనుక బరువైన కారుకు ప్యాడ్లు, డిస్కులు పెద్దవిగా ఉండాలి, వాటి ధరా ఎక్కువే. ఇంధనం సంగతి చూస్తే, ఎంఎక్స్-5 లీటరుకు దాదాపు 12 కిలోమీటర్లు, మస్టాంగ్ జీటీ 8 కిలోమీటర్ల లోపు ఇస్తాయి గనుక, పదివేల కిలోమీటర్లకు సుమారు 500 లీటర్ల తేడా వస్తుంది.

ఇంత చెల్లించి కొన్న శక్తిని వాడుకునే చోటు దొరకడం అరుదు. నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులోని టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ రహదారిలో సుమారు 18 కిలోమీటర్లలో 318 మలుపులుండగా, వేగ పరిమితి గంటకు 48 కిలోమీటర్లే. అటువంటి దారిలో తేలికపాటి కారును గేర్లు మారుస్తూ మనసారా నడపవచ్చు. శక్తిమంతమైన కారును అడుగడుగునా అదుపు చేసుకోవలసి వస్తుంది.

ఈ వ్యాసకర్త అప్పు చేయకుండా పాత ఎంఎక్స్-5ను ఎంచుకోవడానికి కారణమిదే. కాలంతోపాటు వాహనం విలువ పడిపోవడాన్ని తరుగుదల అంటారు. అందులో పెద్ద భాగాన్ని తొలి యజమానే భరించాడు. ఒక ఖర్చు వల్ల చేజారే ఇతర ప్రయోజనాన్ని అవకాశ వ్యయం అంటారు. ఆ కోణంలో చూసి, మిగిలిన సొమ్మును డ్రైవింగ్ శిక్షణకు, మంచి టైర్లకు, సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే ట్రాక్ డేలకు, తక్కినదాన్ని మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌కు మళ్లించడం జరిగింది. సాధారణ బీమా పాలసీలు చాలావరకు ట్రాక్‌పై జరిగే నష్టాన్ని భరించవు కనుక, చౌక కారు అక్కడ కొంత నిశ్చింతనూ ఇస్తుంది.

పొడవైన హైవే ప్రయాణాలు చేసేవారికి, వెనక సీటు కావలసినవారికి, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ ధ్వనిలోనే పరవశం పొందేవారికి శక్తిమంతమైన కారు ఖర్చు సార్థకమే. నడపడంపైనే మక్కువ గలవారు మాత్రం తమ బడ్జెట్‌లో తొలి వాటాను శిక్షణకు, టైర్లకు, రోడ్డుపై గడిపే గంటలకు కేటాయించి, మిగిలిన దానిలో కారును ఎంచుకోవడం మేలు.