దూపైతే ఆపుకోకు అక్కా

"అక్కా, గోడ కాడికి రా. మిర్చి ఏరి వచ్చినంక ఒంటికి పోతే పచ్చగ వస్తుంది, మంట పుడుతుంది అన్నవ్ కదా. నీళ్లు తాగుతున్నవా?"

"తోటల చాటెక్కడిది చెల్లె? తాగితే లేవాలె. అందుకే తాగం."

"మానుకోట దిక్కు తోటలకు పోయే ఆడోళ్లంత గట్లనే అంటున్రు. తప్పు మీది కాదు, చాటు కట్టియ్యనోళ్లది. కానీ ఒంట్ల ఏమైతదో విను. మన కిడ్నీలు నెత్తుర్ల నుంచి రోజుకు దగ్గర దగ్గర 180 లీటర్ల నీళ్లు వడబోస్తయ్."

"నా ఒంట్ల అన్నెక్కడున్నయ్?"

"ఉన్నవాటినే మళ్ల మళ్ల వడబోస్తయ్. నూటికి 99 వంతులు నెత్తుర్లకే తిప్పి పంపి, లీటరో లీటరున్నరో బయటికి వదుల్తయ్. చెమట పోయి నెత్తురు జర చిక్కబడంగనే మెదడు పసిగట్టి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదుల్తది. దాంతోని కిడ్నీల సన్న గొట్టాల్ల నీటిదార్లు తెరుచుకొని ఇంకిన్ని నీళ్లు ఎనక్కి పోతయ్. అందుకే నీకు పచ్చగ వస్తుంది. ఆ దార్లను కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రే అనే సైంటిస్టుకు 2003ల నోబెల్ ఇచ్చిన్రు."

"మరి కిడ్నీలే కాపాడుతయ్ కదా?"

"ఉన్న నీళ్లను కాపాడుతయ్, లేనివి పుట్టియ్యలేవు. ఒంట్ల చెత్త పోవాలంటే ఎంత పొదుపు చేసినా రోజుకు అర లీటరన్న బయటికి పోవాలె. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాలల్ల చెరుకు నరికే వయసు పోరగాళ్లకే కిడ్నీలు పోయినయ్. ఎండల పని, నీళ్లు చాలకపోవుడు అందుకు ఒక కారణమని డాక్టర్లు అనుమానిస్తున్రు."

"మా తమ్ముడు భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డ్యూటీ దిగంగనే కల్లు తాగుతడు. సలువంట."

"కల్లుల మత్తు ఆ హార్మోన్‌నే ఆపుతది. దూప తీరినట్టే ఉంటది గానీ, ఒంట్ల ఉన్న నీళ్లు గూడ పోతయ్. జర ఉప్పేసి సల్ల తాగుమను. నువ్వు ఒళ్లునొప్పులకు ఏసుకునే గోలీ ఇంకా పాడు. ఒంట్ల నీళ్లు తక్కువున్నప్పుడు డైక్లోఫెనాక్ అసొంటివి కిడ్నీలకు పోయే నెత్తుర్నే తగ్గిస్తయ్. దవాఖానల అడగకుండ ఏసుకోకు."

"జనగామల మా చిన్నమ్మకైతే డాక్టరు నీళ్లు కొలిచి తాగుమన్నడు!"

"ఆమె కిడ్నీలు చెడినయ్. తాగినయి బయటికి పోక కాళ్లు వాస్తయ్. ఆమె లెక్క వేరే, డాక్టరు చెప్పినట్టే తాగాలె. నీకు మంట తగ్గకపోతే దవాఖానకు పోయి మూత్రం పరీక్ష చేయించుకుందాం. రేపు తోటకు నేను గూడ వస్త. నాలుగు కట్టెలు పాతి పాత చీరలు కడితే చాటైతది, రైతుతోని నేనే మాట్లాడుత. నువ్వైతే పెద్ద సీసా నింపుకో."