సిస్టరమ్మకు ఇవ్వని మిట్టీ



ఈ సంగతి పద్నాలుగేళ్లుగా దిల్‌లో పెట్టుకుని తిరుగుతున్నా. మా అబ్బాకు చెప్పిన ఒక ఝూట్ ఇది. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే ముందు ఆయన దగ్గరే మాఫీ అడిగేవాణ్ణి. లేరు కాబట్టి మీకు చెప్తున్నా.

1996 జనవరి. నేను ఇంటర్ చదువుతున్నా. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. అప్పుడప్పుడే తెలుగు పుస్తకాలతో కుస్తీ పడుతున్న రోజులు. అబ్బా దర్జీ. మిషను తొక్కే కుడికాలికి చిన్న పుండు అయింది. షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. పుండు పెరిగి పెరిగి పాదం నల్లబడింది. కాలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు. కాలు పోతే దర్జీకి ఇంకేం మిగుల్తుంది? అమ్మీ తన చెవుల కమ్మలు అమ్మి, ఎవరో చెప్పారని అబ్బాను మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయింది.

అక్కడ ఉండేది సిస్టరమ్మ. కేరళ ఆమె. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ. మలయాళం యాసలో తెలుగు మాట్లాడేది. అబ్బాను 'బాబా' అని పిలిచేది. రోజూ పొద్దున ఆ పుండును తనే కడిగేది. ఆ బద్‌బూకి నేను, కన్నకొడుకుని, బయట వరండాలోకి పోయి నిలబడేవాణ్ణి. ఆమె ముఖం తిప్పుకోవడం ఒక్కరోజు కూడా చూళ్లేదు.

ఆ జనవరి చివర్లో రంజాన్ వచ్చింది. అబ్బా రోజా ఉంటానని మొండికేశారు. సిస్టరమ్మ అంది: "జబ్బు మనిషికి మీ దేవుడు సెలవు ఇచ్చాడంట కదా బాబా. ఆయన ఇచ్చిన సెలవును మీరెందుకు వద్దంటారు?" అబ్బా నవ్వేశారు. రోజా మానేశారు. నమాజ్ మాత్రం మంచం మీదే కూర్చుని చదువుతానన్నారు.

అక్కడే చిక్కొచ్చింది. మంచాన్ని పడమటికి తిప్పితే ఎదురుగా గోడ మీద పెద్ద సిలువ ఉంది. అబ్బా ఏమీ అనలేకపోయారు. సాయం చేస్తున్నవాళ్ల ఇంట్లో కూర్చుని వాళ్ల సిలువను తియ్యమని ఎట్లా అడుగుతాం? అలాగని దాని ఎదురుగా సజ్దా చెయ్యడానికి మనసొప్పదు. సిస్టరమ్మ ఆయన ముఖం చూసింది, గోడ చూసింది. అర్థమైపోయింది ఆమెకు.

"బాబా, నా ప్రభువును నేను గోడ మీంచి తియ్యలేను. మీ మంచాన్ని మాత్రం జరపగలను" అంది. వాచ్‌మన్‌ను పిలిచి, తనూ ఒక పక్క పట్టుకుని, మంచాన్ని వార్డు చివర కిటికీ దగ్గరికి జరిపించింది. అక్కడ పడమటి దిక్కున ఆకాశం, ఒక వేపచెట్టు. అంతే.

అబ్బా కాలు దక్కింది. రెండు వేళ్లు మాత్రం పోయాయి. ఆ కాలితోనే ఇంకో పదిహేనేళ్లు మిషను తొక్కారు. నా డిగ్రీ ఫీజు, చెల్లెలి షాదీ ఖర్చు అన్నీ ఆ కాలి కమాయే.

2011లో సిస్టరమ్మ ఇంతెకాల్ చేసిందని ఖబర్ వచ్చింది. నేనప్పటికి పేపర్లో పనిచేస్తున్నా. అబ్బా బయటికి పోలేని స్థితి. "నువ్వు పో బేటా. మిట్టీ దేకో ఆ" అన్నారు. మనవాళ్ల జనాజాకి పోతే చేసినట్టే ఆమెకూ మూడు గుప్పిళ్ల మన్ను వెయ్యమని ఆయన మాట.

పోయాను. చర్చి గేటు దాకా పోయాను. లోపల పాటలు వినిపిస్తున్నాయి. చెప్పులు విడవబోతుంటే రోడ్డు అవతల మా మొహల్లా బుజుర్గ్ ఒకాయన కనిపించారు. నన్నే చూస్తున్నారు. ఆయన ఏమీ అనలేదు. ఒక్క మాటా అనలేదు. నా లోపలే ఎవరో అన్నారు: ఏమనుకుంటారో! వెంటనే జేబులోంచి నోట్‌బుక్ తీశాను. పెన్ను తీశాను. ఖబర్ కోసం వచ్చిన విలేఖరిలాగా గేటు దగ్గరున్న కుర్రాణ్ణి వయసెంత, ఎన్నేళ్లు పనిచేసింది అని అడగడం మొదలుపెట్టాను. శవపేటిక బయటికి వచ్చింది. సమాధుల తోటకు పోయింది. నేను గేటు దగ్గరే ఉన్నాను.

మర్నాడు నాలుగు లైన్ల వార్త వచ్చింది. చివరి వాక్యం నేనే రాశాను: పలువురు ప్రముఖులు, ప్రజలు పాల్గొన్నారు. అందులో నేను లేను.

సాయంత్రం ఇంటికి పోగానే అబ్బా అడిగారు. "మిట్టీ దేకో ఆయా బేటా?"

"హౌ అబ్బా" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని చేతులెత్తి ఏదో దుఆ చేసుకున్నారు. రెండేళ్ల తర్వాత ఆయనా వెళ్లిపోయారు, నా ఝూట్‌ను నమ్మే.

2018 డిసెంబర్‌లో డెస్కులో అంతర్జాతీయ వార్తలు చూస్తుంటే అల్జీరియా నుంచి ఒక చిన్న ఐటెమ్ వచ్చింది. ఒరాన్ నగరంలో 19 మంది కేథలిక్కులను చర్చి 'ధన్యులు'గా ప్రకటించిందని. డిసెంబర్ 8న జరిగింది. ముస్లిం ముల్క్‌లో ఇట్లాంటి జల్సానా అనుకుని మొత్తం చదివాను. పేజీలో జాగా లేక ఆ వార్త పోలేదు గానీ, అప్పట్నుంచి అది నన్ను వదల్లేదు.

ఆ 19 మందిలో ఏడుగురు రాహిబ్‌లు. అల్జీర్స్‌కు దక్షిణాన మెదియా దగ్గర కొండల్లో తిబ్హిరిన్ అనే పల్లె. బర్బర్ భాషలో ఆ పేరుకు తోటలు అని అర్థం. అక్కడి మఠంలో వాళ్లు ఇబాదత్ చేసుకుంటూ, ఊరివాళ్లతో కలిసి కూరగాయలు పండించుకుంటూ బతికేవాళ్లు. ఎవరినీ మజహబ్ మార్చుకోమనలేదు. లూక్ అనే ముసలాయన డాక్టరు. యాభై ఏళ్లుగా ఊళ్లవాళ్లకు మందులిచ్చాడు. ఆయన దగ్గర ఎవరైనా మరీజే. ఊళ్లో మస్జిద్ కట్టుకునేదాకా నమాజ్‌కు మఠం తన ఆవరణలోనే ఒక గది ఇచ్చింది. ఒకే గోడల మధ్య నుంచి గంట మోగేది, అజాన్ వినిపించేది.

వాళ్ల పెద్ద క్రిస్టియన్ ద షెర్జే. ఫ్రాన్స్ వాడు. అల్జీరియా ఆజాదీ జంగ్ నడుస్తున్న కాలంలో ఫ్రెంచి ఫౌజులో అఫ్సర్‌గా అక్కడే పనిచేశాడు. ఆయనకు మొహమ్మద్ అనే పల్లె పోలీసు దోస్త్. పదిమంది పిల్లల తండ్రి, నమాజీ. ఒకరోజు క్రిస్టియన్ మీద దాడి జరగబోతే మొహమ్మద్ అడ్డుపడి బచాయించాడు. మర్నాడు ఆయన తన బావి దగ్గర ఖతల్ అయి పడి ఉన్నాడు. ఒక ముసల్మాన్ తన కోసం జాన్ ఇచ్చాడన్న సంగతి క్రిస్టియన్ జిందగీ మొత్తాన్ని మార్చేసింది. తర్వాత రాహిబ్ అయ్యాడు. రోమ్‌లో అరబీ నేర్చుకున్నాడు, ఇస్లాం చదివాడు. మళ్లీ అల్జీరియాకే వచ్చాడు. మెదియా సూఫీలతో, క్రైస్తవులతో కలిసి రిబాత్ అస్సలామ్ అనే బైఠక్ నడిపాడు. అక్కడ బహస్‌లు పెట్టుకోలేదు. నీ మజహబ్ గొప్పా నాది గొప్పా అనలేదు. ఒక మాట తీసుకుని దాని మీద ఎవరి దారిలో వాళ్లు ధ్యానం చేసి, మళ్లీ కలిసి కూర్చునేవాళ్లు. పల్లె కుర్రాడొకడు ఆయనతో మనసు విప్పి మాట్లాడుకోవడాన్ని బావి తవ్వడం అనేవాడట. ఒకసారి క్రిస్టియన్ తమాషాకి ఆ బావి అడుగున దొరికేది మీ నీళ్లా మా నీళ్లా అని అడిగితే, అవి అల్లా నీళ్లని ఆ కుర్రాడు జవాబిచ్చాడట.

1990లలో అల్జీరియాలో ఖూన్ కాల్వలు పారాయి. లక్షకు పైగా జనం పోయారు. ఎక్కువమంది ముసల్మాన్లే. 1993 క్రిస్మస్ రాత్రి హథియార్‌బంద్ మనుషులు మఠానికి వచ్చారు. ఈ ఇంట్లోకి హథియార్ రాదని, ఇది ఈసా పుట్టిన రాత్రి అని క్రిస్టియన్ చెప్పాడు. ఆ రాత్రికి వాళ్లు వెనక్కి పోయారు. వెళ్లిపోండని సర్కారు చెప్పింది. రాహిబ్‌లు కూర్చుని మాట్లాడుకున్నారు. కొమ్మ మీద పిట్టల్లాంటి వాళ్లం, ఎగిరిపోతామేమో అని వాళ్లంటే, కొమ్మ మీరు, పిట్టలం మేము, మీరు పోతే మేమెక్కడ వాలాలి అని ఊరివాళ్లు అన్నారట. ఉండిపోయారు. 1996 మార్చి 26 అర్ధరాత్రి దాటాక ఏడుగురినీ ఎత్తుకుపోయారు. మే నెలలో వాళ్ల తలలు మాత్రమే దొరికాయి. ఎవరు ఎట్లా చంపారన్న దాని మీద ఇప్పటికీ సవాళ్లు ఉన్నాయి.

తారీఖు చూశారా? మా అబ్బా మంచం కిటికీ దగ్గరికి జరిగిన రెండు నెలలకే.

క్రిస్టియన్ ముందే ఒక వసీయత్ రాసిపెట్టాడు. తను ఒకరోజు దహషత్‌కు బలైపోతే దాన్ని చూపించి ఇస్లాంను గానీ అల్జీరియా అవామ్‌ను గానీ బద్‌నామ్ చెయ్యొద్దని కోరాడు. తనను చంపబోయేవాణ్ణి కూడా చివరి ఘడియ దోస్త్ అని పిలిచి మాఫ్ చేశాడు. ఆ భాగం చదివినప్పుడు నేను చాలాసేపు లేవలేకపోయాను. ప్రపంచంలో ఎక్కడ బాంబు పేలినా మనం జవాబు చెప్పుకోవాల్సి వస్తున్న కాలం ఇది. మన తరఫున ఒక రాహిబ్ తన చావుకు ముందే గవాహీ ఇచ్చి పోయాడు.

19 మందిలో ఇంకొకరు ఒరాన్ బిషప్ పియెర్ క్లావెరీ. అల్జీర్స్‌లోనే పుట్టినా, పక్కనే ఉన్న అరబ్బులను చిన్నప్పుడు చూడకుండానే పెరిగానని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ తప్పును దిద్దుకోవడానికే మిగతా జిందగీ పెట్టాడు. 1996 ఆగస్టు 1న బాంబు పేలి పోయాడు. ఆయనతో పాటు పోయినవాడు మొహమ్మద్ బూషిఖీ. కారు నడిపే ముస్లిం కుర్రాడు, ఇరవై ఒక్క ఏళ్లు. ఖతరా ఉందని తెలిసీ బిషప్‌ను వదిలిపోలేదు. ఇద్దరి ఖూన్ ఒకే గడప మీద కలిసింది.

బిషప్ అంతిమ ప్రార్థనకు ఒరాన్ చర్చి ముసల్మాన్లతో నిండిపోయింది. ఏడ్చారు. చుట్టూ ఖతల్‌లు జరుగుతున్న రోజులవి. చర్చిలో అడుగుపెడితే జాన్‌కే ఖతరా. వాళ్లు లోపలికి పోయారు. నేను మా ఊళ్లో, ఒక బుజుర్గ్ చూపుకు జడిసి, గేటు దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను.

2018 జల్సాలో చర్చి తన 19 మందినే తలుచుకోలేదు. ఆ ఖూన్‌ఖరాబాను జాయెజ్ అనడానికి ఒప్పుకోక చంపబడ్డ వందమందికి పైగా ఇమాములనూ యాద్ చేసింది. ఈ లఫ్జ్ చూడండి: అరబీలో షహీద్, షాహిద్ రెండూ గవాహీ అనే ఒకే మూలం నుంచి వచ్చాయి. వాళ్ల 'మార్టిర్' కూడా యునానీ భాషలో సాక్షి అనే. తమ ఈమాన్‌కు వాళ్లు సాక్షులు, మన ఈమాన్‌కు ఆ ఇమాములు సాక్షులు.

వాళ్లకూ మనకూ ఫరఖ్ లేదని చెప్పడం లేదు. ఉంది. ఈసా అలైహిస్సలామ్ మనకు నబీ, వాళ్లకు ప్రభువు. సిలువ మీద మన మాట వేరు, వాళ్ల మాట వేరు. సిస్టరమ్మకు అది తెలుసు, అబ్బాకూ తెలుసు. ఆమె సిలువ తియ్యలేదు, అబ్బా ఖిబ్లా మార్చుకోలేదు. మంచం జరిగింది. గుఫ్తగూ అన్నా ఇత్తెహాద్ అన్నా నాకు ఆ మంచమే యాదొస్తుంది.

ఒక యహూదీ జనాజా పోతుంటే మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ లేచి నిలబడ్డారని హదీసులో ఉంది. అది యహూదీ జనాజా అని ఎవరో గుర్తుచేస్తే, అదీ ఒక ప్రాణమే కదా అన్నట్టు జవాబిచ్చారు. ఇది నేను ఉర్దూ బడిలో చిన్నప్పుడే చదువుకున్నా. ఇమ్తెహాన్‌లో రాసి మార్కులూ తెచ్చుకున్నా. అసలు ఇమ్తెహాన్ చర్చి గేటు దగ్గర వస్తుందని తెలీదు.

పోయిన నవంబర్ 2న, కేథలిక్కులు తమ మృతులను తలుచుకునే రోజున, కూతుర్ని తీసుకుని సమాధుల తోటకు పోయాను. అన్ని సమాధుల మీదా పూలు, కొవ్వొత్తులు. సిస్టరమ్మ సమాధి వెతకడానికి కాసేపు పట్టింది. సిమెంటు పలక మీద పేరు, రెండు తారీఖులు. పక్కన నేల గట్టిగా ఉంది. వేళ్లతో గీకి మూడు గుప్పిళ్లు తీసి పలక అంచున పోశాను.

"ఈమె ఎవరు అబ్బా?" అంది నా బిడ్డ.

"మీ దాదా మంచం జరిపిన ఆమె" అన్నాను.

దానికేం అర్థం కాలేదు. ఇంటికి పోయేదాకా దారి పొడుగునా చెప్పాను, నా ఝూట్‌తో సహా. అంతా విని, "మరి దాదాకి ఇప్పుడు తెలుస్తుందా?" అంది.

అల్లాకే తెలుసు అన్నాను.

దుఆల్లో యాద్ ఉంచుకోండి.