అడ్డకోత

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువు చేత మర్రిపండు తెప్పిస్తాడు. దానిని చీల్పిస్తాడు. అందులోని అణువంత గింజను సైతం చీల్పించి, ఏమి కనిపిస్తున్నదని అడుగుతాడు. ఏమీ కనిపించడం లేదన్న కొడుకుతో, కంటికందని ఆ సూక్ష్మం నుంచే మహావృక్షం పుట్టి నిలిచిందని చెబుతాడు. ఈ ఘట్టాన్ని నేను తరగతిలో ఎన్ని మార్లు వర్ణించానో లెక్కలేదు. ఒక్కనాడైనా ఒక మర్రిపండును తెచ్చి విద్యార్థుల చేతిలో పెట్టలేదు. ఆ ఆలోచనే నాకు కలగలేదు.

2018 జనవరిలో జాతీయ సేవాపథకం శిబిరానికై మా కళాశాల విద్యార్థులతో విజయనగరం జిల్లాలోని ఒక గిరిజన గ్రామానికి వెళ్లాను. అక్కడి బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఇరవైనలుగురు. వారి కోసం పట్టణం నుంచి పన్నెండు యాపిల్ పండ్లు కొనిపోయాను. విద్య ప్రాశస్త్యాన్ని గురించి పది నిమిషాలు ప్రసంగించి, పిదప తలా సగం పంచాలని నా సంకల్పం. రెండో నిమిషానికే వెనుక వరుసలో ఒక పిల్లవాడు నిద్రపోయాడు.

అప్పుడు మా విద్యార్థులలో ఒకడు లేచి, "మాస్టారూ, ఆ పండ్లు ఒక గంట నాకిస్తారా?" అని అడిగాడు. అతని తండ్రి తోపుడుబండి మీద పండ్లు అమ్ముతాడు. ఆ ఏడాది పద్యం చెబుతూ, 'వృంతం' అంటే అర్థం చెప్పలేదని అతనిని నిలబెట్టి, "నీకీ జన్మలో తెలుగు రాదు" అన్నాను. అన్నది నేను మరచిపోయాను.

అతడు బకెట్టు నిండా నీళ్లు తెప్పించాడు. పండు మునుగుతుందా, తేలుతుందా అని పిల్లలను అడిగాడు. అందరూ మునుగుతుందన్నారు. అది తేలింది. అంత పెద్దదైన రాయి మునిగింది. పండులో నాలుగో వంతు దాకా గాలే ఉంటుందని అతడు చెప్పేసరికి నిద్రపోయినవాడు లేచి ముందుకు వచ్చాడు. తరువాత పండును తలకిందులు చేసి అడుగున ఎండిన ముచ్చికను చూపి, ఇది ఏమిటన్నాడు. పిల్లలు జామకాయకూ, దానిమ్మకూ అలాగే ఉంటుందన్నారు. "ఒకప్పుడు పువ్వు ఉన్న చోటు అదే" అన్నాడతడు. ఎన్నడూ యాపిల్ రుచి చూడని పిల్లలకు అది ఒక్కసారిగా ఎరిగిన పండు అయిపోయింది.

ఇక కోత. మనమందరం తొడిమ నుంచి కిందికి నిలువుగా కోస్తాం. అతడు అడ్డంగా కోశాడు. నడుమ అయిదు రేకల నక్షత్రం! నా యాభై ఏళ్ల వయసులో నేనది చూడడం అదే మొదలు. పిల్లలు వేళ్లతో గదులు లెక్కించారు. అయిదు. గదికి రెండేసి గింజలుంటే పది. కొన్నింటిలో ఏడే వచ్చాయి, ఎనిమిది వచ్చాయి. ఎందుకు తగ్గాయని వాదులాడుకున్నారు. ఒక ముక్కకు నిమ్మరసం పూసి, మరొకటి అలాగే వదిలితే, వదిలినది కాసేపటికి గోధుమరంగుకు తిరిగింది. గాలి తగిలి రంగు మారుతుందనీ, నిమ్మ పులుపు దానిని ఆపుతుందనీ చెప్పాడు. తండ్రి బండి దగ్గర నేర్చినదేనట.

పంపకం వచ్చింది. ఒక బాలిక తన సగాన్ని ఒడిలో దాచుకుంది. తమ్ముడికట. "అయితే నీకు?" అని అడిగి, దానిని మళ్లీ రెండుగా కోసి, "ఇప్పుడిది ఎంత?" అన్నాడు. ఆమె ఆలోచించి "సగంలో సగం" అన్నది. "దాన్నే పావు అంటారమ్మా" అన్నాడు. పావు అన్న మాట ఆమె ఆ పూటంతా పాడుకుంటూనే ఉన్నది.

సాయంత్రం బసకు నడుస్తూ ఉండగా అతడు జేబులోంచి ఒక ఎండుపుల్లను తీసి నా అరచేతిలో పెట్టాడు. యాపిల్ తొడిమ.

"వృంతమంటే ఇదే కదా మాస్టారూ? నాకీ మాట మూడేళ్ల వయసు నుంచీ తెలుసు. ఇదీ అదీ ఒకటేనని మాత్రం ఆ రోజు తెలియలేదు."

అవునన్నాను. అనవలసిన మాట మరొకటి ఉండెను. అది శిబిరం ముగిసేలోగా అనలేకపోయాను.