20 సెంట్ల మడి

ధర్మవరం దాటి పల్లెల్లోకి వెళ్తే రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ చేలే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వానతో సరిపెట్టుకునే పాత అనంతపురం జిల్లా నేల ఇది. అక్కడ ఒక బోరు పక్కన, పొదుపు సంఘంలో సభ్యురాలైన ఒక రైతక్క పెంచుతున్న 20 సెంట్ల కూరగాయల మడి చూడ్డానికి వెళ్లాను. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సేద్యంలో ఇలాంటి మడిని ఏటీఎం అంటారు, ఎనీ టైమ్ మనీ అని. ఆకుకూరలు మూడు నాలుగు వారాలకు, ముల్లంగి నెలన్నరకు, వంగ, టమాటా రెండు నెలలు దాటాక కోతకొస్తాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అమ్మకానికి ఉంటుంది.

గట్టు మీద డ్రమ్ములో జీవామృతం పులుస్తోంది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. నీడన ఉంచి రోజూ కలియబెడితే రెండు రోజుల్లో సిద్ధం. చూడవచ్చిన వాళ్లంతా ఈ డ్రమ్ము దగ్గరే ఫొటోలు దిగి వెళ్లిపోతారట. నాకు మాత్రం అసలు సేద్యం వంగ సాళ్లలో కనిపించింది.

వంగకు కొమ్మ, కాయ తొలిచే పురుగు పెద్ద శత్రువు. రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లేత కొమ్మలోకి, తర్వాత కాయలోకి దూరిపోతుంది. బీటీ వంకాయను తయారుచేసింది దీని కోసమే. 2010లో కేంద్రం దాన్ని ఆపేసింది. రైతులేమో మందు మీద మందు కొడుతూనే ఉన్నారు.

"మందు కొడితే పురుగుకు యాడ తగుల్తుంది సార్? అది లోపల కూచోనుంటుంది" అంది రైతక్క. పొద్దున్నే ఎండ ముదరకముందు సాలుకు సాలు తిరుగుతుంది. తల వాల్చిన కొమ్మ కనబడితే తొలిచిన చోటికి కాస్త కిందగా తుంచుతుంది. నాకు ఒకటి చీల్చి చూపించింది, లోపల గులాబీ రంగు పురుగు. తుంచినవి మడిలో పారేయదు, దూరంగా గుంత తీసి పూడుస్తుంది. మగ పురుగుల కోసం లింగాకర్షక బుట్టలు కట్టింది. బెండలో ఈనెలు పసుపెక్కిన మొక్కల్ని వేళ్లతో సహా పీకేసింది, తెల్లదోమ ఆ తెగులును పక్క మొక్కకు మోస్తుందని. అలసంద మీద పేనుబంక ఉన్నా ముట్టుకోలేదు. "అక్షింతల పురుగులొచ్చినాయి, అవి తింటాయి. రెండు దినాలు చూస్తా" అంది.

మందు మానేయడమంటే పనికట్టుకుని చూసే కళ్లు కావాలి. ఆ చూపుకు ఎవరూ కూలి లెక్క కట్టడం లేదు. పెట్టుబడి తగ్గిందని చెప్పే లెక్కల్లో ఈ ఆడవాళ్ల పొద్దుటి గంటలు కూడా చేర్చాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ధర సంగతి అడిగాను. ఊళ్లో ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చి కొంటారట. సంతలో మాత్రం మందు కొట్టిన వంకాయకూ దీనికీ ఒకటే రేటు. పైగా ఒక్క పుచ్చు కనబడినా బేరం తగ్గిస్తారు. అందుకే పుచ్చులన్నీ ముందే ఏరి పక్కన పెట్టి, మిగతావే గంపకెత్తుతోంది.