సమర్‌ఖంద్‌లో మా నీడ

భూమిపై సంచరించి పూర్వుల జాడలు చూడమన్న దైవాదేశాన్ని మేము ముప్పై ఏళ్ళుగా మదరసా విద్యార్థులకు బోధిస్తూ వచ్చాము. అయితే ఒక్క ఉమ్రా యాత్ర మినహా మేము స్వయంగా దేశం దాటి ఎరుగము. అందుచేత గడచిన షాబాన్ మాసంలో జరిగింది తలచుకుంటే మాకే వింతగా తోస్తుంది.

మదరసాకు వార్షిక సెలవులు ఇచ్చిన మరునాడు, ఇషా నమాజు తరువాత మా మిత్రుడు ఇంటికి వచ్చారు. ఆయన మాతో పాటు మూడేళ్ళు మదరసాలో చదివి, తండ్రిగారు మరణించడంతో చదువు మాని గుంటూరులో కాగితాల దుకాణం చూసుకుంటున్నారు. టీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే, "మౌల్వీ సాబ్, ఉమ్రాకు తీసిన పాస్‌పోర్టుకు గడువు ఉంది కదా! సమర్‌ఖంద్ వెళ్ళి వద్దాం పదండి. నాలుగు రోజులే" అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాము. లోపలి నుంచి మా ఇంట్లోవారు విని, "ఆ ఊరి పేరు పిల్లలకు ఎన్నేళ్ళుగా చెబుతున్నారు! రమజాన్‌లోగా చూసి రండి" అన్నారు. ఆ మాటతో ప్రయాణం ఖాయమైంది. ఆన్‌లైన్‌లో వీసా వచ్చింది. వారం తిరగకముందే హైదరాబాదు మీదుగా ఢిల్లీ చేరి, అక్కడ విమానం ఎక్కాము.

ఢిల్లీ నుంచి ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌కు సుమారు మూడు గంటల ప్రయాణం. విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సులో అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది! అక్కడి నుంచి 'అఫ్రాసియాబ్' అనే వేగవంతమైన రైలు రెండు గంటల పైచిలుకులో సమర్‌ఖంద్ చేర్చింది. రైలు దిగగానే చలి ఎముకలు కొరికింది. మా ఇంట్లోవారు పట్టుబట్టి పెట్టిన స్వెట్టరు విలువ అప్పుడు తెలిసింది.

భాష రాకపోయినా పరాయి దేశమనిపించలేదు. వారు కుడిచేయి గుండెపై ఆనించి సలాము చెబుతారు. కితాబ్, దర్స్, మక్తబ్, బజార్ అన్న మాటలు వారివీ మనవీ ఒక్కటే. రొట్టెను 'నాన్' అంటారు. సమర్‌ఖంద్ నాన్ మందంగా, గుండ్రంగా, నడుమ అచ్చు గుద్దిన ముద్రతో ఉంటుంది. సియాబ్ బజారులో ఒక ముసలాయన వేడి నాన్ చేతిలో పెడితే, మా మిత్రుడు ధన్యవాదంగా 'రహ్మత్' అన్నారు. ఆ ముసలాయన ముఖం వికసించింది.

మా వంటివారికి ఈ నేల గురుస్థానం. హనఫీ ఫిఖ్హ్‌లో మేము బోధించే 'హిదాయా' గ్రంథకర్త ఇమాం మర్గీనానీ (రహ్మలై), అఖీదా విషయంలో మేము అనుసరించే ఇమాం మాతురీదీ (రహ్మలై) ఇక్కడి మట్టిలోనే విశ్రమిస్తున్నారు. ఇమాం బుఖారీ (రహ్మలై) హిజ్రీ 256లో ఈ నగరానికి సమీపంలోని ఖర్తంగ్ గ్రామంలోనే కన్నుమూశారు. వారందరికీ మనసులోనే సలాము చెప్పుకుని మరునాడు రెగిస్తాన్ మైదానానికి వెళ్ళాము.

రెగిస్తాన్ అంటే ఇసుక నేల. దానికి మూడు వైపులా మూడు మదరసాలు ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. అన్నిటికంటే పాతది తైమూర్ మనుమడైన ఉలుగ్ బేగ్ 1417 - 1420 మధ్య కట్టించినది. షేర్‌దార్, తిల్లాకారీ మదరసాలు 17వ శతాబ్దానివి. నీలి పలకలు పరచిన ఆ ద్వారాల ఎత్తుకు తల ఎత్తి చూస్తూ ఉంటే టోపీ జారి కింద పడింది.

అయితే లోపలికి అడుగు పెట్టగానే మా మనసు చివుక్కుమంది. విద్యార్థులు నివసించిన హుజ్రాలు, అంటే చిన్న గదులు, నేడు జ్ఞాపికల దుకాణాలు. ఒక గదిలో పింగాణీ పళ్ళాలు, మరో గదిలో పట్టు శాలువాలు. సోవియట్ పాలనలో మూతబడిన చదువు ఈ ప్రాంగణానికి మళ్ళీ తిరిగి రాలేదు. ఒక గదిలో కుట్టుపని చేసుకుంటున్న స్త్రీకి, మేము 'ముదర్రిస్' అని మా మిత్రుడు సైగలతో తెలియజేశారు. ఆమె వెంటనే లేచి నిలబడి, గుండెపై చేయి ఆనించి, గది నేలను చూపుతూ "దర్స్, దర్స్" అన్నది. ఇక్కడ పాఠాలు జరిగేవని ఆమె భావం. ఆ గౌరవానికి మేము తగుదుమా అన్న సంకోచం కలిగింది.

జుహర్ వేళ సమీపించింది. ప్రాంగణం మధ్యకు వచ్చాము. మా మిత్రుడు నేలవైపు చూసి, "మౌల్వీ సాబ్, మిట్టమధ్యాహ్నం కదా! మన నీడ మనకంటే పొడవుగా ఉందేమిటి?" అన్నారు. చూస్తే నిజమే. మా నీడ మాకు ఒకటిన్నర రెట్లు ఉంది. అవే రోజుల్లో గుంటూరులో అయితే మనిషి ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ ఉంటుంది. మాకు జవాబు తోచలేదు. జవాబుకు బదులు ఒక పిల్లవాడి ముఖం గుర్తుకు వచ్చింది.

నాలుగేళ్ళ క్రితం మాట. అస్ర్ నమాజు వేళ పాఠం చెబుతున్నాము. ఇమాం అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయంలో ఒక వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలు, ఆయన ఇద్దరు శిష్యుల అభిప్రాయంలో ఒక ఇంత అయినప్పుడు అస్ర్ వేళ మొదలవుతుంది. అయితే మిట్టమధ్యాహ్నం ఉండే నీడను, అంటే 'సాయయె అస్లీ'ని, ఆ లెక్కలోంచి మినహాయించాలి. ఆ పిల్లవాడు లేచి, "ఉస్తాద్, ఆ నీడ చలికాలంలో పొడవుగా, ఎండాకాలంలో పొట్టిగా ఎందుకుంటుంది? నేను పుల్ల పాతి కొలిచాను. మే నెలలో ఒక రోజు అసలు లేనే లేదు" అన్నాడు. "పరీక్షలో అడిగేది నేర్చుకో. నమాజు వేళలకు గోడ మీద పట్టిక ఉంది" అన్నాము. తరగతి నవ్వింది. అతడు మళ్ళీ ప్రశ్న అడగలేదు. మరుసటి ఏడు రమజాన్ సెలవుల తరువాత తిరిగి రాలేదు. రిజిస్టరులో కారణం అన్న చోట 'ఇంటి పరిస్థితులు' అని మా చేతితోనే రాశాము.

ఆ సాయంత్రం ఉలుగ్ బేగ్ వేధశాల ఉన్న గుట్ట ఎక్కాము. ఆయన 1449లో కన్న కొడుకు పన్నాగానికి బలైన తరువాత ఆ కట్టడం నేలమట్టమైంది. అది ఎక్కడుందో కూడా జనం మరచిపోయారు. 1908లో వ్యాత్కిన్ అనే రష్యన్ పరిశోధకుడు ఒక పాత వక్ఫ్ పత్రం ఆధారంగా దానిని కనుగొన్నారు. సుమారు 40 మీటర్ల వ్యాసార్థం గల కొలత వృత్తంలో భూమిలోకి దిగిన భాగం మాత్రమే నేడు మిగిలి ఉంది. ఈ సాధనాలతోనే వారు 1,018 నక్షత్రాల పట్టిక తయారు చేశారు. సంవత్సరం నిడివి 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లని లెక్కించారు. నేటి లెక్కకు తేడా ఒక్క నిమిషం లోపే.

ఆ రాత్రి బసలో మా మిత్రుడు ఫోన్ తెరిచి ఇక్కడ పనిచేసిన జంషీద్ అల్ కాషీ గురించి చదివి వినిపించారు. వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని దశాంశ బిందువు తరువాత 16 స్థానాల వరకు లెక్కించిన మేధావి ఆయన. కాషాన్‌లోని తండ్రికి ఆయన రాసిన లేఖలు నేటికీ ఉన్నాయి. ఉలుగ్ బేగ్ స్వయంగా చర్చల్లో కూర్చునేవారట. రాజు అన్న భయంతో ఎవరైనా తలూపితే, నన్ను అజ్ఞానిగా ఎంచుతున్నావా అని మందలించేవారట. ఒక్కోసారి కావాలనే తప్పుడు మాట చెప్పి, ఎవరు మర్యాదకు ఒప్పుకుంటారో పరీక్షించేవారట. అది విన్నాక మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పగలు దుకాణాలను చూసి, మదరసా మూతబడిందే అని బాధపడ్డాము. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టిన నాడు మా తరగతి గది మాత్రం తెరిచి ఉన్నట్టా?

తిరిగి వచ్చిన తరువాత, ఇద్దరం కలిసి పక్క ఊరిలో ఆ అబ్బాయి పనిచేసే మొబైల్ రిపేరు దుకాణానికి వెళ్ళాము. మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు. ఆ రోజు అతని ప్రశ్నకు జవాబు మాకు తెలియదనీ, తెలియదని చెప్పవలసిందనీ ఒప్పుకున్నాము. అతడు తల వంచుకుని, "జవాబు తరువాత ఫోన్‌లో చూసుకున్నాను ఉస్తాద్. మీ దగ్గర నేర్చుకుని ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది" అన్నాడు.

షవ్వాల్‌లో మదరసా తెరిచాక ఆవరణలో ఒక నిటారు కర్ర పాతాము. పిల్లలు రోజూ నీడ కొలిచి గోడ మీద రాస్తున్నారు. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆ నీడ కర్ర మొదట్లోకి చేరి మాయమైంది. మన ప్రాంతం కర్కట రేఖకు దక్షిణాన ఉన్నందున సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రేఖకు ఎంతో ఉత్తరాన ఉన్న సమర్‌ఖంద్‌లో ఎన్నడూ రాడు. ఆ అబ్బాయి కూడా భోజన విరామంలో బండి మీద వచ్చి పిల్లల మధ్య నిలబడ్డాడు.

అప్పుడు ఒక చిన్నవాడు చేయి ఎత్తి, "ఉస్తాద్, మక్కాలో కాబా నీడ కూడా ఇలాగే మాయమవుతుందా?" అని అడిగాడు. "మాకు తెలియదు, వెతుకుదాము" అన్నాము. ఎవరూ నవ్వలేదు. మరునాటికి జవాబు దొరికింది. ఏటా మే 28 ప్రాంతాన, జులై 16 ప్రాంతాన సూర్యుడు సరిగ్గా కాబాపైకి వస్తాడు. మే నెలలో ఆ క్షణం మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. అప్పుడు సూర్యుడు ఏ దిక్కున కనిపిస్తే అదే ఖిబ్లా దిక్కు. పాఠకులు తమ ఇంటి ఆవరణలో పిల్లలతో కలిసి ఒకసారి చూడగలరు. పిల్లలు తప్పక ఏదో ఒకటి అడుగుతారు. దయచేసి వారిని కూర్చోమనకండి.