బ్రేకు మీద నా కాలు

మా పికప్ ట్రక్కు 2003 మోడల్. ఇక్కడ ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, దాని అడుగు భాగమంతా తుప్పే. కారు మావారు ఆఫీసుకి తీసుకెళ్తారు కాబట్టి కూరగాయలకైనా, అమ్మాయి సంగీతం క్లాసుకైనా నాకు ఈ ట్రక్కే గతి.

పోయిన మార్చిలో ఒకరోజు స్టాప్ బోర్డు దగ్గర మెల్లగా ఆపుతుంటే బ్రేకు పెడల్ నా కాలిని ఎదురుతన్నింది. మిక్సీలో పచ్చి శనగపప్పు వేసినట్టు గర్‌ర్‌మని చప్పుడు. బండి ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకాస్త ముందుకెళ్లి ఆగింది. చూస్తే రోడ్డు పొడిగానే ఉంది.

మావారికి చెబితే హైవే మీద ఓ చుట్టు తిరిగొచ్చి, "ఏమీ లేదే, నువ్వే గట్టిగా తొక్కుతున్నావేమో" అన్నారు. వర్క్‌షాపులో చూపిస్తే ఏబీఎస్ లైటు వెలగట్లేదు కాబట్టి బాగానే ఉందన్నారు. మీకంత అనుమానంగా ఉంటే కంట్రోల్ మాడ్యూల్ మార్చేద్దామన్నారు. లేదన్న జబ్బుకి అంత ఖరీదైన మందేమిటో!

నా భయం నా గురించి కాదండీ. అమ్మాయికి పదహారు నిండాయి. డ్రైవింగ్ నేర్చుకోబోయేది ఈ బండి మీదే.

సరే, బీఏ తెలుగు చదివినదాన్ని, నాకొచ్చింది రాయడమే. పాల లెక్క రాసుకున్నట్టు ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ, ఎంత వేగంలో, రోడ్డు తడా పొడా. రెండు వారాల్లో తొమ్మిదిసార్లు జరిగింది. తొమ్మిదిసార్లూ బండి ఆగబోయే ముందే, గంటకి పది మైళ్ల లోపే. హైవే మీద వెతికితే ఎలా దొరుకుతుంది?

పుస్తకం చూసి మావారు ఏమీ మాట్లాడలేదు. స్నేహితుడి దగ్గర స్కానర్ అడిగి తెచ్చారు. మా ఇంట్లో ఉన్నది ఇంజన్ కోడ్‌లే చదువుతుంది, ఇదైతే ఏబీఎస్‌వి కూడా చదువుతుంది. ఆదివారం ఖాళీగా ఉన్న స్కూలు పార్కింగ్‌కి వెళ్లాం. ముందు ఏబీఎస్ ఫ్యూజు తీసి నడిపించారు. గరగర లేదు, బండి బుద్ధిగా ఆగింది. అంటే అసలు బ్రేకులు బాగానే ఉన్నాయన్నమాట. మళ్లీ ఫ్యూజు పెట్టి, నేను నడుపుతుంటే ఆయన స్కానర్‌లో చక్రాల వేగాలు చదివారు. అన్నీ పన్నెండు, అన్నీ తొమ్మిది... ఉన్నట్టుండి ముందు కుడి చక్రం సున్నా! అదే క్షణాన నా కాలి కింద గర్‌ర్‌. "ఇదే కదూ?" అన్నారు. "ఇదేనండీ" అన్నాను. నాకెందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగుని బట్టి సెన్సర్ కంప్యూటర్‌కి వేగం చెబుతుంది. మా బండిలో సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొంగి దాన్ని పైకి నెట్టేసింది. దూరం పెరగడంతో, చక్రం నెమ్మదించగానే సంకేతం అందట్లేదు. చక్రం బిగుసుకుపోయిందనుకుని కంప్యూటర్ ఆ బ్రేకుని వదులుతూ, పడుతూ ఉందట.

ఆ శనివారం బండిని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం విప్పారు. సెన్సర్ కింద నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేసి, కొత్త సెన్సర్ బిగించారు. టార్చి పట్టుకుంది అమ్మాయే.

తర్వాత వారం అది నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ప్రతి స్టాప్ దగ్గరా నా కుడికాలు ఊరికే నేలని తొక్కుతోంది. "అమ్మా, నీ వైపు బ్రేకు లేదు, కాలు తియ్యి" అంది.