నీళ్లు పోస్తే సరిపోదు

పొలసర వంటి ఊళ్లో మోటారు కారు ఒక్క యింటివారిది కాదు. 108 బండి వున్న రోజులే అయినా, అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినా, పెద్దవారికి గుండెనొప్పి వచ్చినా, ముందుగా తట్టేది కారున్న వారి తలుపే. అటువంటి కారు బరంపురం చేరకుండా నడిదారిలో ఆవిరి కక్కుతూ నిలిచిపోతే, నష్టం బండికి మాత్రమేనా?

మేము మెకానిక్కులం కాము, గుమాస్తాలం. జమాఖర్చులు చూడటం మా అలవాటు. ఇంజను వేడి కూడా ఒక లెక్కే. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో బండిని నడిపేది సుమారు మూడోవంతు. తక్కినది కొంత పొగతో పోతుంది, కొంత నీటితో పోవాలి. పంపు ఆ నీటిని ఇంజను చుట్టూ త్రిప్పి రేడియేటరుకు పంపుతుంది. అక్కడ గాలి దానిని చల్లారుస్తుంది.

ఈ నీటికి బిగువైన మూత వుంటుంది. మన ఆడవారి ప్రెషరు కుక్కరు కిటుకే యిది. ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద మరగదు, దాదాపు 120 దాకా ఓర్చుకొంటుంది. కనుకనే వేడి మీద మూత తీయరాదు. తీస్తే మరిగిన నీరు ఒక్కసారిగా ముఖాన కొడుతుంది. కనీసం అరగంట ఆగి, గొట్టం తాకి చూచి, చల్లబడిన తరువాతనే మందపాటి గుడ్డతో మెల్లగా త్రిప్పాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చును.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కాలం నుంచి మనవారికి ఒక అలవాటు వున్నది. బండిలో నీళ్ల డబ్బా వుంచుకోవడం, తగ్గినప్పుడల్లా పోయడం. ఆపదలో అది మంచిదే. కాని బావినీళ్లే నిత్యం పోస్తుంటే, నీళ్లకాగు లోపల కట్టినట్టే తెల్లని పొర కట్టి వేడిని బయటకు పోనివ్వదు. లోహం తుప్పు పడుతుంది. కారు పుస్తకంలో చెప్పిన కూలెంటును, శుద్ధజలంతో పాళ్లు కలిపి పోసి, గడువుకు మార్చాలి. మన యెండలకు థర్మోస్టాటు అక్కరలేదని పీకివేసేవారూ వున్నారు. దానివల్ల ఇంజను తగిన వేడికి రాక, అరుగుదలా పెట్రోలు ఖర్చూ పెరుగుతాయి.

అసలు సంగతి యిది: మూసివున్న గొట్టాలలో నీరు ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో పోతున్నదన్నమాట. వారం వారం పోయడం వైద్యం కాదు. ఉదయం ఇంజను చల్లగా వున్నప్పుడు డబ్బా గీతలు చూడండి. బండి క్రింద చుక్కలు, రబ్బరు గొట్టాల పగుళ్లు, బెల్టు బిగువు, ఫ్యాను తిరగడం పరిశీలించండి. రేడియేటరు రెక్కలలో చిక్కిన దుమ్మును, ఊకను మెల్లని ధారతో కడగండి. బయట కారడం లేకుండానే నీరు తగ్గుతూ, తెల్లపొగ వస్తూ, నూనె పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే, హెడ్డు గాస్కెట్టు పోయి వుండవచ్చు. ఆ బండిని ఇక నడపక మెకానిక్కుకు చూపించాలి.

భంజనగరం మీదుగా కళింగ ఘాటు ఎక్కుతున్నప్పుడు ముల్లు పైకి పోతే, ముందు ఏసీ కట్టండి. చోటు చూచి ఆగండి. ఆగే చోటు లేకపోతే హీటరు పూర్తిగా తిప్పండి; చెమట పట్టినా ఇంజను కొంత చల్లబడుతుంది.

మరొక్క మాట. ఒక చిన్న పుస్తకంలో తేదీ, పోసిన నీరు ఎంతో వ్రాసుకోండి. రెండుసార్లు దగ్గర దగ్గరగా వ్రాయవలసి వస్తే, మూడవసారి దాకా ఆగకండి. ఆ మూడవసారి ఏ రాత్రి ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పలేము.